తీవ్ర పోషణలోపం ఉన్న బిడ్డకు ఫిట్స్: ఫెనిటాయిన్ లెవెల్ 11 వస్తే డోసు పెంచాలా?

పీజీ_రెండో_ఏడు · సోమవారం, రాత్రి 8.50

బెంగళూరు వార్డుల్లో ఉన్న తెలుగువాళ్లందరికీ నమస్తే. క్లాసు కోసం ఒక నమూనా కేసు రాశాను, తప్పులు పట్టుకోండి.

బాబు, 14 నెలలు. బరువు 6 కిలోలు, పొడవు 72 సెం.మీ., జబ్బ చుట్టుకొలత 10.8 సెం.మీ., పాదాల్లో వాపు లేదు. అంటే వార్డులో మనం శామ్ (తీవ్ర పోషణలోపం) అనే కేసు. మదనపల్లె వైపు నుంచి రిఫర్ అయ్యాడు. నెల రోజులుగా ఫిట్స్ ఆపే ఫెనిటాయిన్ సిరప్ పడుతున్నా ఫిట్స్ ఆగలేదు. మూడు రోజులుగా విరేచనాలు. మగతగా ఉన్నాడు, నోటితో సరిగా తీసుకోవడం లేదు. రక్తంలో ఫెనిటాయిన్ లెవెల్ మి.లీ.కి 11 మైక్రోగ్రాములు, ల్యాబ్ హద్దు 10 నుంచి 20. అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) డెసిలీటర్‌కు 1.8 గ్రా.

నేను రాసుకున్న జవాబు: లెవెల్ కింది అంచున ఉంది కాబట్టి కిలోకు 5 మి.గ్రా. అదనపు లోడ్ (ఒక్కసారిగా ఇచ్చే పెద్ద డోసు) ఇచ్చి రోజువారీ డోసు పెంచాలి. ఎఫ్-75 ఫీడ్ (శామ్ బిడ్డకు మొదట్లో ఇచ్చే పాల ఆహారం) కిలోకు రోజుకు 130 మి.లీ. చొప్పున. సరిపోతుందా?

---

మందుల_గది · రాత్రి 9.05

పెంచితే బిడ్డను ముంచినట్టే. అల్బుమిన్ 1.8 అని మీరే రాసి, దాన్ని పక్కన పెట్టి లెవెల్ చదివారు.

ఫెనిటాయిన్ 90 శాతం దాకా అల్బుమిన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. మెదడు మీద పనిచేసేది అంటుకోకుండా మిగిలిన 10 శాతమే. శామ్‌లో అల్బుమిన్ తక్కువ, కాబట్టి విడిగా తిరిగే వాటా పెరుగుతుంది. ల్యాబ్ మాత్రం రెండూ కలిపి కొలిచి 11 అని ఇస్తుంది. సవరణ లెక్క ఇది: వచ్చిన లెవెల్‌ను, అల్బుమిన్‌ను 0.2తో గుణించి 0.1 కలిపిన అంకెతో భాగించాలి. 1.8 × 0.2 = 0.36, దానికి 0.1 కలిపితే 0.46. 11ను 0.46తో భాగిస్తే దగ్గర దగ్గర 24. హద్దు దాటేసింది. ఆ మగతకు కారణాల్లో ఇదొకటి. కళ్లు పక్కకు తిప్పించి చూడండి, నిస్టాగ్మస్ (కనుగుడ్లు అదురుతుండటం) కనబడుతుందేమో.

ఈ సూత్రం అంచనాకే. బిడ్డ వాల్‌ప్రోయేట్ కూడా తీసుకుంటుంటే అస్సలు పనికిరాదు, ఎందుకంటే అది అల్బుమిన్ మీదున్న ఫెనిటాయిన్‌ను తోసేస్తుంది. ఫ్రీ ఫెనిటాయిన్ చేసే ల్యాబ్ అందుబాటులో ఉంటే అదే పంపండి, దాని హద్దు 1 నుంచి 2.

ఇంకో సంగతి. ఫెనిటాయిన్ మితిమీరితే అదే ఫిట్స్‌ను పెంచుతుంది. "మందు వేస్తున్నా ఆగలేదు" అన్న మాటకు ఆ అర్థం కూడా ఉండొచ్చు.

---

రాత్రి_డ్యూటీ · రాత్రి 9.12

లెవెల్ గురించి తర్వాత కొట్టుకోండి. గ్లూకోమీటర్ రీడింగ్ ఎక్కడ? కేసు మొత్తంలో షుగర్ లేదు.

---

పీజీ_రెండో_ఏడు · రాత్రి 9.15

నిజమే మేడమ్, రాయలేదు. 46 అనుకుందాం.

---

వార్డు_పెద్ద · రాత్రి 9.40

46 అయితే మీ జవాబు అక్కడే మొదలవ్వాలి. శామ్ బిడ్డకు 54 కంటే తక్కువ ఉంటే షుగర్ పడిపోయినట్టే లెక్క. స్ట్రిప్ లేకపోతే పడిపోయిందనే అనుకుని ఇవ్వాలి.

మెలకువగా ఉండి మింగగలిగితే 10 శాతం గ్లూకోజ్ గానీ పంచదార నీళ్లు గానీ 50 మి.లీ. నోటితో లేదా ముక్కు గుండా కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్‌తో. ఫిట్ జరుగుతున్నా, స్పృహ లేకపోయినా 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 మి.లీ. సిరలోకి, అంటే ఈ బిడ్డకు 30 మి.లీ. ట్రాలీలో 25 శాతం ఆంపూల్ మాత్రమే ఉంటే 12 మి.లీ. తీసి 18 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితే 30 మి.లీ. 10 శాతం ద్రావణం వస్తుంది. 25 శాతం అలాగే ఎక్కిస్తే ఆ సన్నటి సిరలు పాడైపోతాయి. ఆ వెంటనే ట్యూబ్‌తో 50 మి.లీ. 10 శాతం గ్లూకోజ్. అరగంటకు మళ్లీ గుచ్చి చూడాలి. తర్వాత రెండు గంటల పాటు ప్రతి అరగంటకు ఎఫ్-75లో నాలుగో వంతు. ఈ బిడ్డకు రెండు గంటల ఫీడ్ 65 మి.లీ., కాబట్టి ఒక్కోసారి 16 మి.లీ.

చంకలో టెంపరేచర్ 35 కంటే తక్కువ ఉంటే షుగర్ తక్కువతో పాటు ఇన్‌ఫెక్షన్ కూడా ఉందనుకోండి. డిసెంబర్ రాత్రి బెంగళూరు వార్డులో కిటికీ పక్క మంచం ఇలాంటి బిడ్డకు ఇవ్వకూడదు. టోపీ, సాక్సులు, తల్లి గుండెకు ఆనించి దుప్పటి. తడి బట్ట వెంటనే మార్చాలి. ఇవి చిన్న పనులని వదిలేస్తేనే తెల్లవారుజామున నాలుగింటికి ఫిట్ వస్తుంది.

ఇన్‌ఫెక్షన్‌కు యాంపిసిలిన్ కిలోకు 50 మి.గ్రా. ఆరు గంటలకోసారి, జెంటామైసిన్ కిలోకు 7.5 మి.గ్రా. రోజుకొకసారి. మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్‌ఫెక్షన్) అనుమానముంటే సెఫ్ట్రియాక్సోన్. శామ్ బిడ్డకు మెనింజైటిస్ ఉన్నా మెడ బిగుసుకోకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. "మెడ మెత్తగానే ఉంది" అని కేస్ షీటులో రాసి లంబార్ పంక్చర్ (వెన్ను నీరు తీసే పరీక్ష) వాయిదా వేయడం పెద్ద తప్పు. బిడ్డ నిలదొక్కుకోగానే చేయాలి.

విరేచనాలకు నేరుగా డ్రిప్ వద్దు. లీటర్ ఓఆర్ఎస్‌లో 15 మి.లీ. పొటాషియం క్లోరైడ్ సిరప్ కలిపి కిలోకు 5 మి.లీ., అంటే 30 మి.లీ., అరగంటకోసారి రెండు గంటల పాటు. ఆ తర్వాత గంట విడిచి గంట, 30 నుంచి 60 మి.లీ. మధ్య గంటల్లో ఎఫ్-75. ఊపిరి నిమిషానికి 5, నాడి 25 పెరిగి తగ్గకుండా ఉంటే, లేదా కనురెప్పలు ఉబ్బితే, ఆపేయాలి. డ్రిప్ షాక్‌లోనే: కిలోకు 15 మి.లీ. గంటలో, పక్కనే నిలబడి పది నిమిషాలకోసారి చూస్తూ. మామూలు బిడ్డకు పోసినట్టు 20, 20 పోస్తే ఈ గుండె తట్టుకోదు.

---

ఈఈజీ_గీత · రాత్రి 10.05

ఫిట్ ఐదు నిమిషాలు దాటితే లోరాజెపామ్ కిలోకు 0.1 మి.గ్రా. సిరలోకి. సిర దొరక్కపోతే మిడజోలామ్ 0.2 మి.గ్రా. కండరంలోకి లేదా ముక్కులోకి. నాజల్ స్ప్రేలతో జాగ్రత్త. ఒక స్ప్రేకు 0.5 మి.గ్రా. వచ్చే సీసాలున్నాయి, 1.25 మి.గ్రా. వచ్చేవీ ఉన్నాయి. ఈ బిడ్డకు కావాల్సింది 1.2 మి.గ్రా. లేబుల్ చూడకుండా "రెండు స్ప్రేలు" అంటే ఒక సీసాతో తక్కువ, ఇంకో సీసాతో రెట్టింపు పడుతుంది.

ఈ రకం మందులు (బెంజోడయాజెపైన్) రెండు డోసులు దాటకూడదు. దాని మీద ఫినోబార్బిటోన్ కిలోకు 20 మి.గ్రా. లోడ్ వేస్తే ఊపిరి ఆగుతుంది. కెన్యాలో సెరిబ్రల్ మలేరియా పిల్లల్లో చేసి 2000లో ప్రచురించిన ట్రయల్‌లో ఒక్క ఫినోబార్బిటోన్ డోసు ఫిట్స్‌ను తగ్గించింది, మరణాలను మాత్రం రెట్టింపు చేసింది. మూడు, అంతకు మించి డయాజెపామ్ డోసులు పడ్డవాళ్లలో ముప్పు మరీ ఎక్కువగా కనిపించింది. కండ లేని ఛాతీతో ఊపిరి తీసే శామ్ బిడ్డ విషయంలో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఊపిరి అందించే అంబూ బ్యాగ్ మంచం తలాపున పెట్టుకున్నాకే ఫినోబార్బిటోన్ సిరంజి చేతికి తీసుకోండి.

రెండో మందుగా లెవెటిరాసెటమ్ తీసుకుంటాను. కిలోకు 40 మి.గ్రా. అంటే 240 మి.గ్రా., వయల్‌లో మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 2.4 మి.లీ. దాన్ని 24 మి.లీ. చేసి పది నిమిషాల్లో. అల్బుమిన్‌తో దీనికి పెద్దగా పని లేదు, లివర్ మీద భారం లేదు, డెక్స్‌ట్రోజ్‌లోనూ కలుస్తుంది. కిడ్నీ గుండా పోతుంది కాబట్టి యూరిన్ అవుట్‌పుట్, క్రియాటినిన్ చూడండి. శామ్‌లో కండ తక్కువ, అందుకే క్రియాటినిన్ మామూలుగా కనబడుతూనే మోసం చేస్తుంది.

---

మందుల_గది · రాత్రి 10.20

డెక్స్‌ట్రోజ్ మాట వచ్చింది కాబట్టి: ఫెనిటాయిన్‌ను డెక్స్‌ట్రోజ్‌లో కలిపినా, డెక్స్‌ట్రోజ్ వెళ్తున్న లైన్‌లో ఎక్కించినా తెల్లగా విరుగుతుంది. శామ్ బిడ్డకు ఉండేదే ఒక్క కాన్యులా (సిరలో పెట్టే సన్న గొట్టం), అందులో వెళ్లేదే డెక్స్‌ట్రోజ్. ఫెనిటాయిన్ తప్పనిసరైతే నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, ముందూ వెనకా సెలైన్‌తో ఫ్లష్ చేయాలి, కిలోకు నిమిషానికి 1 మి.గ్రా. మించకూడదు. 120 మి.గ్రా. లోడ్‌కు 20 నిమిషాలు తక్కువలో తక్కువ. ఆ 20 నిమిషాలు డెక్స్‌ట్రోజ్ ఆగుతుంది, కాబట్టి అయ్యాక షుగర్ మళ్లీ చూడాలి. ఫాస్‌ఫెనిటాయిన్‌కు ఈ గొడవ లేదు.

---

ఆహారశాల · మంగళవారం, ఉదయం 7.30

ఫెనిటాయిన్‌తో అసలు చిక్కు ఇంకొకటుంది, ఎవరూ ఎత్తలేదు. ట్యూబ్ ఫీడ్‌తో కలిపి ఇస్తే మందు ఒంటికి పట్టదు. అందుకే డోసుకు ముందు గంట నుంచి రెండు గంటలు, తర్వాత అంతే సేపు ఫీడ్ ఆపమని రాస్తారు. శామ్ బిడ్డకు రాత్రీ పగలూ రెండు గంటలకోసారి ఫీడ్. రోజుకు రెండు డోసులకు ఆపితే నాలుగైదు ఫీడ్లు ఎగిరిపోతాయి, 780 మి.లీ.లో 300 దాకా పోతుంది, మధ్యలో షుగర్ పడిపోతుంది. ఫిట్ ఆపే మందు కోసం ఫీడ్ ఆపి, ఫీడ్ ఆపినందుకు ఫిట్ తెచ్చుకోవడం. మందుల షీటు ఒకరి దగ్గర, ఫీడ్ షీటు ఇంకొకరి దగ్గర ఉంటే జరిగేది ఇదే.

---

మందుల_గది · ఉదయం 7.55

అక్షరాలా నిజం. దీనికి తోకలాంటిది ఇంకోటి. ఫీడ్‌తో కలిపే ఇస్తూ లెవెల్ చూసి డోసు పెంచుకుంటూ పోయారనుకోండి. బిడ్డ కోలుకుని నాలుగు గంటల ఫీడ్‌కు మారగానే మందు ఒక్కసారిగా బాగా పట్టడం మొదలవుతుంది, లెవెల్ ఎగురుతుంది. ఫెనిటాయిన్‌కు డోసు కొంచెం పెరిగితే లెవెల్ కొంచెం పెరగడం అనే లెక్క లేదు. లివర్ నిండిపోయాక 10 శాతం పెంచినా లెవెల్ రెట్టింపు కావచ్చు.

సీసా సంగతి కూడా చెప్పేస్తాను. ఫెనిటాయిన్ సస్పెన్షన్ 5 మి.లీ.కి 30 మి.గ్రా.ది, 125 మి.గ్రా.ది రెండు బలాల్లో ఉంది. "5 మి.లీ. పొద్దున, 5 మి.లీ. రాత్రి" అని చీటీలో ఉంటే ఏ సీసా అన్నది తల్లి సంచిలోంచి తీయించి చూడాలి. పైగా అది అడుగుకు దిగే మందు. కుదపకుండా పోస్తే నెల మొదట్లో పలచటి నీళ్లు, ఫిట్స్. నెలాఖరులో చిక్కటి అడుగు మందు, మత్తు. ఈ నమూనా కేసులో "నెల రోజులుగా" అన్నారు కదా, సరిగ్గా అక్కడే ఉంది కిటుకు.

---

ఈఈజీ_గీత · ఉదయం 9.10

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది ఎపిలెప్సీయేనా? శామ్ బిడ్డకు ఫిట్ వచ్చిందంటే సరిచేయగల కారణాలు అరడజను వరుసలో ఉంటాయి.

కాల్షియం: ఇక్కడా అల్బుమిన్ మోసమే, కాకపోతే తిరగేసి. మొత్తం కాల్షియం 7 అని రావచ్చు, అందులో పనిచేసే ఐయోనైజ్డ్ వాటా మాత్రం మామూలుగానే ఉండొచ్చు. అల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువో దాన్ని 0.8తో గుణించి కలిపితే అంచనా వస్తుంది, ఐయోనైజ్డ్ చేయిస్తే ఇంకా మేలు. నిజంగా తక్కువుండి ఫిట్ వస్తుంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ కిలోకు 2 మి.లీ., సమానంగా పలచన చేసి పది నిమిషాల్లో, గుండె మానిటర్ చూస్తూ. కాన్యులా బయటికి జారితే చర్మం కుళ్లుతుంది. ఇచ్చినా లేవకపోతే మెగ్నీషియం తక్కువన్నమాట. శామ్‌లో మొదటి రోజే 50 శాతం మెగ్నీషియం సల్ఫేట్ కిలోకు 0.3 మి.లీ. కండరంలోకి ఒక్కసారి, 2 మి.లీ. మించకుండా. ఈ బిడ్డకు 1.8. తర్వాత ఫీడ్‌లో.

సోడియం: రిపోర్టులో 125 కనబడగానే సరిచేయాలని చేయి దురద పెడుతుంది. శామ్ బిడ్డ ఒంట్లో సోడియం ఎక్కువే ఉంటుంది, కణాల లోపలికి చేరి కూర్చుంటుంది. రక్తంలో అంకె తక్కువ. ఫిట్ నడుస్తుండి సోడియం బాగా పడిపోయి ఉంటే తప్ప 3 శాతం సెలైన్ ముట్టుకోవద్దు. ఇస్తే కిలోకు 3 నుంచి 5 మి.లీ., ఫిట్ ఆగగానే చాలించాలి. ఇలాంటి బిడ్డకు సోడియాన్ని ఇంకా తగ్గించే కార్బమజెపైన్ మొదలుపెట్టకూడదు.

బీ12: ఇది మన ప్రాంతాల్లో తరచూ దాటిపోయేది. ఏడాది దాటినా తల్లిపాలే ఆహారం, తల్లికి పాలూ మాంసమూ అంతంతమాత్రం, బిడ్డ వేళ్ల కణుపులు నల్లబడి, జుట్టు పలచబడి గోధుమరంగు తిరిగి, నేర్చుకున్న పనులు మరిచిపోతూ, తల చేతులు వణుకుతుంటే అది ఇన్‌ఫంటైల్ ట్రెమర్ సిండ్రోమ్. నిద్రపోతే వణుకు ఆగిపోతుంది. చెయ్యి పట్టుకుని చూడండి, వణుకైతే మీ చేతిలో నెమ్మదిస్తుంది, ఫిట్ అయితే పట్టుకున్నా కొట్టుకుంటూనే ఉంటుంది. దీన్ని ఫిట్స్ అని ఫెనిటాయిన్ పెట్టి పంపిన కేసులు కొత్తేమీ కాదు. బీ12 ఇంజెక్షన్ మొదలుపెట్టాక వణుకు కొన్నాళ్లు ఎక్కువ కావచ్చు, అది చూసి మందు మార్చకండి. పొటాషియం కూడా పడిపోతుంది, చూసుకోండి.

గుత్తులుగా ముందుకు ఒరిగే స్పాజమ్స్ ఉంటే ఈఈజీ ఆలస్యం చేయొద్దు. కానీ శామ్ బిడ్డకు వచ్చిన రోజే ఏసీటీహెచ్, ప్రెడ్నిసోలోన్ (స్పాజమ్స్‌కు ఇచ్చే హార్మోన్ మందులు) మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను. టీబీ తేలలేదు, ఇన్‌ఫెక్షన్ తగ్గలేదు, పొటాషియం అసలే తక్కువ. ఆ స్థితిలో విగాబాట్రిన్‌తో మొదలెట్టడం నాకు నచ్చిన దారి.

---

పీజీ_రెండో_ఏడు · ఉదయం 11.20

అందరికీ ధన్యవాదాలు. ఫెనిటాయిన్ బదులు వాల్‌ప్రోయేట్ సిరప్ చౌక, ఆకలి పెంచుతుంది, బరువు పెరుగుతారు కదా? శామ్‌కు అదే మంచిదేమో.

---

మందుల_గది · ఉదయం 11.45

ఆకలి పెరుగుతుందన్న ఆశతో చాలామంది అక్కడే జారతారు. రెండేళ్ల లోపు, మెటబాలిక్ జబ్బు ఉందో లేదో తేలని బిడ్డకు లివర్ దెబ్బతినే ముప్పు వాల్‌ప్రోయేట్‌తో ఎక్కువ, రెండు మూడు మందులు కలిస్తే ఇంకా ఎక్కువ. కార్నిటిన్ నిల్వలు పోషణలోపంతో ముందే ఖాళీ, వాల్‌ప్రోయేట్ మిగిలినవీ లాగేస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. బిడ్డ మగతగా, వాంతులతో ఉంటే శామ్ వల్లనా, ఫిట్ తర్వాతి నిద్రా, అమ్మోనియా వల్లనా తేల్చుకోవడం కష్టం. ఇప్పటికే దాని మీదుండి వచ్చిన బిడ్డకైతే గభాలున ఆపొద్దు. అమ్మోనియా, లివర్ ఎంజైమ్‌లు చూసి కార్నిటిన్ కిలోకు రోజుకు 50 నుంచి 100 మి.గ్రా. కలపండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. అలా వాల్‌ప్రోయేట్ మీదున్న బిడ్డకు సెప్సిస్ అని మెరోపెనెమ్ మొదలుపెడితే వాల్‌ప్రోయేట్ లెవెల్ ఒకటి రెండు రోజుల్లోనే నేలకు తాకుతుంది. డోసు పెంచినా లేవదు. మెరోపెనెమ్ తప్పకపోతే ముందుగానే లెవెటిరాసెటమ్ జోడించాలి.

---

వార్డు_పెద్ద · మధ్యాహ్నం 1.10

టోపిరమేట్, జోనిసమైడ్ గురించి ఒక్క మాట. రెండూ ఆకలి చంపుతాయి, బరువు దించుతాయి, అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) తెస్తాయి. చెమట పట్టనివ్వవు కాబట్టి చెన్నై మే నెలలో జ్వరంలా ఒళ్లు కాలుతుంది. బరువు పుంజుకునే దాకా వద్దు.

టీబీ మందులు మొదలైతే లెక్కలన్నీ మళ్లీ మారతాయి. ఐఎన్‌హెచ్ ఫెనిటాయిన్ లెవెల్ పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది, ఐఎన్‌హెచ్ వల్ల బీ6 తగ్గి ఫిట్స్ రావచ్చు కాబట్టి పైరిడాక్సిన్ రోజుకు 10 మి.గ్రా. తప్పనిసరి.

---

ఈఈజీ_గీత · మధ్యాహ్నం 1.30

కీటోజెనిక్ డైట్ (ఫిట్స్ తగ్గించడానికి పెట్టే కొవ్వు ఎక్కువున్న ఆహారం) అని అడగబోయేవాళ్లకు ముందే జవాబు: బరువు కోలుకున్నాకే, మెటబాలిక్ పరీక్షలు అయ్యాకే. ఇప్పుడు కాదు.

---

ఆహారశాల · మధ్యాహ్నం 2.40

ఫీడ్ గురించి వివరంగా రాస్తాను, వంటింట్లోనే సగం తప్పులు జరుగుతాయి.

ఎఫ్-75 వంద మి.లీ.కి: ఆవుపాలు 30 మి.లీ., పంచదార 9 గ్రా., నూనె 2 గ్రా., నీళ్లు *వంద అయ్యేదాకా*. 75 క్యాలరీలు, 0.9 గ్రా. ప్రొటీన్. విరేచనాలున్న బిడ్డకు బొరుగుల పొడి రకం నయం: పాలు 30, పంచదార 6, బొరుగుల పొడి 2.5, నూనె 2.5. పంచదార తగ్గితే నీళ్ల విరేచనం తగ్గుతుంది. ఈ బిడ్డకు రోజుకు 780 మి.లీ., అంటే పాలు 234, పంచదార 47, పొడి 19.5, నూనె 19.5. రెండు గంటలకు 65 మి.లీ. ఒంట్లో బాగా వాపు ఉన్న బిడ్డకైతే 130 కాదు, కిలోకు 100 మి.లీ.

"వంద అయ్యేదాకా" అన్నది ఎందుకు నొక్కి చెప్పానంటే, లీటరు ఫీడ్‌కు పాలూ పంచదారా నూనే వేసి, వాటి మీద లీటరు నీళ్లు పోసేవాళ్లున్నారు. అప్పుడు 1,380 మి.లీ. దాకా తయారవుతుంది, వంద మి.లీ.కి 54 క్యాలరీలే. చార్టులో 65 మి.లీ. టిక్కులు పడుతుంటాయి, బిడ్డకు షుగర్ పడిపోతుంటుంది, ఎవరికీ కారణం అర్థం కాదు. గీత ఉన్న జగ్గులో కలిపి గీత దాకా నీళ్లు పోయాలి.

వరుస కూడా ముఖ్యం. ముందు పంచదార, నూనె కలిపి గట్టిగా గిలకొట్టాలి. తర్వాత కొంచెం పాలు పోసి ముద్ద చేయాలి, చివర కాచి గోరువెచ్చగా చేసిన నీళ్లు. లేకపోతే నూనె పైకి తేలి సిరంజి గోడకు అంటుకుంటుంది, క్యాలరీల్లో నాలుగో వంతు ట్యూబ్‌కే పోతుంది. బొరుగులను మిక్సీలో పట్టి గుడ్డతో జల్లించాలి, బరకగా ఉంటే సన్న ట్యూబ్ మూసుకుపోతుంది. కోస్తావాళ్లు మరమరాలంటారు, బెంగళూరు అంగట్లో పురి అని అడగండి. నాలుగు నోట్లో వేసుకుని చూడండి, ఉప్పగా తగిలితే ఆ బస్తా వద్దు. శామ్ బిడ్డకు ఉప్పు పడదు.

పాల ప్యాకెట్ రంగూ చూడాలి. పై లెక్కలు 4 శాతం కొవ్వున్న ఆవుపాలకు. నందిని నీలం ప్యాకెట్ లాంటి టోన్డ్ పాలలో 3 శాతమే. ఎఫ్-75లో పాలు కొంచెమే కాబట్టి తేడా తెలియదు. పాలు 95, పంచదార 5, నూనె 2 వేసే ఎఫ్-100లో (బిడ్డ కోలుకునేటప్పుడు ఇచ్చే చిక్కటి ఫీడ్) మాత్రం 101కి బదులు 93 క్యాలరీలు వస్తాయి. వంద మి.లీ.కి గ్రాము నూనె కలిపితే సరి.

ఎఫ్-100కి మారేటప్పుడు మొదటి 48 గంటలు ఎఫ్-75 ఎంతైతే ఇస్తున్నామో అంతే. తర్వాత ఫీడ్ ఫీడ్‌కు 10 మి.లీ. పెంచుతూ, బిడ్డ మిగల్చడం మొదలుపెట్టే దాకా. ఐరన్ ఇక్కడి నుంచే, ముందు కాదు.

---

వార్డు_పెద్ద · మధ్యాహ్నం 3.00

ఆ మార్పు దగ్గరే ఒక హెచ్చరిక. ఎఫ్-100 మొదలైన రెండు మూడు రోజుల్లో కొత్తగా ఫిట్ వస్తే మూర్ఛ మందు పెంచే ముందు ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పంపండి. థయమిన్ ఇచ్చారో లేదో చూడండి. అది రీఫీడింగ్ (ఆహారం ఒక్కసారిగా పెరిగి రక్తంలో లవణాలు పడిపోవడం) కావచ్చు.

---

రాత్రి_డ్యూటీ · సాయంత్రం 6.45

డాక్టర్ల పోస్టుల్లో లేని కొన్ని సంగతులు.

మిడజోలామ్ పడి నిద్రపోతున్న బిడ్డకు తల్లి గిన్నె చెంచాతో పోయకుండా కాపలా ఉండాలి. "పొద్దుట్నుంచి తినలేదు సిస్టర్" అని బతిమాలుతుంది, పాపం. ఆ టైమ్‌కు రైల్స్ ట్యూబ్ మాత్రమే, తల వైపు 30 డిగ్రీలు ఎత్తి, ట్యూబ్ చోటులో ఉందో లేదో చూసుకుని, సిరంజి ఎత్తి పట్టి దానంతట అది దిగేలా. పిస్టన్‌తో తోయకూడదు. ఫిట్ నడుస్తుంటే ట్యూబ్ ఫీడ్ కూడా ఆగాలి, ఆగిన ఫీడ్‌ను చార్టులో ఎర్ర పెన్నుతో రాయాలి. లేకపోతే తర్వాతి షిఫ్ట్‌కు తెలియదు, షుగర్ చూడరు.

సిరప్ 5 మి.లీ. కప్పుతో కొలవకండి. వాంతి అయితే మందు ఇచ్చి ఎంత సేపైందో రాయాలి. పదిహేను నిమిషాల లోపైతే డాక్టర్‌ను అడిగి మళ్లీ ఇవ్వడం వాడుక, ఆ పైన అయితే ఇవ్వరు.

బరువు రోజూ ఒకే వేళకు, ఫీడ్‌కు ముందు, బట్టలు తీసి. కాన్యులా పలక బరువు కూడా తీసేయాలి.

---

ఈఈజీ_గీత · రాత్రి 8.15

బరువు మాట మీద: వాపుతో 8 కిలోలుండి వచ్చిన బిడ్డకు 8 కిలోల లెక్కన లోడ్ రాస్తే నీళ్లకు మందు వేసినట్టు. వాపు దిగితే 6.8 కావచ్చు. అంచనా పొడి బరువుతో మొదలుపెట్టి వాపు దిగాక మళ్లీ లెక్కగట్టాలి. ఈ నమూనా బిడ్డది దానికి ఎదురు. రోజుకు కిలోకు 10 గ్రాములు పుంజుకుంటే నెలలో 6 కాస్తా 8 దగ్గరికి వస్తాడు, పూటకు కిలోకు 10 చొప్పున ఇప్పుడు రాసే లెవెటిరాసెటమ్ 60 మి.గ్రా. డోసు చాలదు. వారానికోసారి డోసు తిరగరాయడం చార్టులోనే ఒక గడిగా పెట్టండి.

సెరిబ్రల్ పాల్సీ కూడా ఉండి కాళ్లు ముడుచుకున్న పిల్లలకు పొడవు కొలవలేం. మోకాలి ఎత్తు సెం.మీ.లలో తీసి 2.69తో గుణించి 24.2 కలపండి. 18 వస్తే 72.6 సెం.మీ. అలాంటి బిడ్డ కదలిక తక్కువ కాబట్టి కిలోకు 200 క్యాలరీలు పోస్తే కొవ్వు, వాంతులు, ఊపిరితిత్తుల్లోకి పాలు. బరువు ఎలా పెరుగుతోందో చూసి ఆపాలి. ట్యూబ్ వారాల తరబడి తప్పేలా లేకపోతే గ్యాస్ట్రాస్టమీ (పొట్ట మీద నుంచి నేరుగా కడుపులోకి ట్యూబ్) గురించి ఇంటివాళ్లతో ముందే మాట్లాడాలి.

---

పీజీ_రెండో_ఏడు · రాత్రి 9.30

సరిచేసిన జవాబు పెడుతున్నాను. షుగర్ 46: ట్యూబ్‌తో 10 శాతం గ్లూకోజ్ 50 మి.లీ., అరగంటకు మళ్లీ రీడింగ్, తర్వాత పావు ఫీడ్లు. ఫెనిటాయిన్ ఆపడం, సవరించిన లెవెల్ 24, ఒకటి రెండు రోజులకు అల్బుమిన్‌తో పాటు లెవెల్ మళ్లీ. లెవెటిరాసెటమ్ లోడ్ 240 మి.గ్రా., తర్వాత 60 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, సిరప్ 0.6 మి.లీ., ఫీడ్‌తో కలిపే. యాంటీబయాటిక్స్, నిలదొక్కుకున్నాక లంబార్ పంక్చర్. ఐయోనైజ్డ్ కాల్షియం, మెగ్నీషియం, బీ12. మెగ్నీషియం సల్ఫేట్ 1.8 మి.లీ. ఓఆర్ఎస్‌లో పొటాషియం కలిపి 30 మి.లీ. చొప్పున. బొరుగుల ఎఫ్-75 65 మి.లీ. రెండు గంటలకు. ఫీడ్, మందులు, షుగర్ మూడూ ఒకే షీటులో పక్కపక్క గడుల్లో.

---

వార్డు_పెద్ద · రాత్రి 9.50

మగతగా ఉన్నాడని మీరే రాశారు. పిలిస్తే కళ్లు తెరిచి చూస్తే ట్యూబ్‌తో సరే, లేకపోతే సిరలోకి 30 మి.లీ. ఆ రెండో దారి కూడా షీటులో రాయండి. మిగతాది బాగుంది.

---

మందుల_గది · రాత్రి 10.05

డిశ్చార్జి చీటీలో "0.6 మి.లీ." పక్కన "మి.లీ.కి 100 మి.గ్రా. సీసా" అని తెలుగులో రాయండి. మదనపల్లెలో ఇంకో కంపెనీది ఇచ్చినా బలం సరిచూసుకుంటారు.

---

రాత్రి_డ్యూటీ · రాత్రి 10.12

సీసాతో వచ్చే పెద్ద సిరంజిలో 0.6 గీత ఉండదు. 1 మి.లీ. సిరంజి ఇచ్చి, గీత దగ్గర టేపు చుట్టి, తల్లితో రెండుసార్లు తీయించి చూశాకే పంపండి.